చివరికి మోసేదెవరు?

ఐలా కోర్పెలా గారికి ఒక జబ్బు ఉండేది. ఎవరు ఏ కబురు చెప్పినా చివరంటా వినేవారు. విన్నాక కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, "బాగానే ఉంది. చివరికి మోసేదెవరు?" అని అడిగేవారు. మంచి కబురైనా అంతే, చెడ్డ కబురైనా అంతే. పక్కింట్లో నీళ్ళ గొట్టం పగిలిందన్నా అదే ప్రశ్న, పక్కింటావిడకి కవలలు పుట్టారన్నా అదే ప్రశ్న. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారు, ప్రభువు మనందరి పాపాలూ తానే మోశాడని ప్రసంగిస్తుంటే, మొదటి వరసలో కూర్చున్న ఐలా గారు తృప్తిగా తల పంకించారు. బయటికొచ్చాక నాతో, "వేన్, ఈ ఊళ్ళో నా ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినవాడు ఈ పాస్టరొక్కడే నాయనా," అన్నారు.

కెనడాలోని థండర్ బేలో, మా విశ్వవిద్యాలయంలో, ఆవిడ పబ్లిక్ ఎకనామిక్స్ చెప్పేవారు. సర్కారు పన్నులు ఎవరి మీద వెయ్యాలి, ఎందుకు వెయ్యాలి, ఆ డబ్బుతో ఎవరికి ఏం చెయ్యాలి, చేస్తే ఎవడు బాగుపడతాడు, ఎవడు మునుగుతాడు అనే శాస్త్రం. నేను మొదట ఆవిడ శిష్యుణ్ణి. తరవాత ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దే సహాయకుణ్ణి. ఆ తరవాత పక్క గదిలో నేనూ మేష్టర్నయ్యాను గాని, ఆవిడ ముందు నా హోదా ఏమీ పెరగలేదు.

కొత్తగా చేరిన వాళ్ళందరికీ ఒకటే బెంగ, ఈ కోర్సులో ఏముంటుందోనని. మిగతా మేష్టర్లు మొదటి రోజే పాఠాల పట్టిక పంచిపెట్టేవారు. ఐలా గారు తలుపు తెరిచి పెట్టేవారు.

నేను చేరిన ఏడు జరిగింది చెబుతాను. జనవరి నెల. బయట ఊపిరి వదిలితే గడ్డకట్టి కింద పడుతుందేమో అనిపించే చలి. ఆవిడ లోపలికొచ్చి, తలుపు బార్లా వదిలేసి, బల్ల దగ్గర నిలబడి పేపరు చదవడం మొదలెట్టారు. నడవాలోంచి గాలి రంపంలా కోస్తోంది. మేమంతా కోట్ల జిప్పులు పైకి లాక్కున్నాం. కాసేపటికి టోపీలు పెట్టుకున్నాం. ఇంకాసేపటికి చేతితొడుగులు వేసుకున్నాం. నా పక్కవాడు మఫ్లరు మొహానికంతా చుట్టేసుకుని కళ్ళు మాత్రం బయట పెట్టాడు. లేచినవాడు మాత్రం లేడు. చివరికి వెనక వరస నుంచి హాకీ ఆడే కుర్రాడొకడు బుసలు కొడుతూ లేచి, తలుపు దభాలున వేసి వచ్చాడు.

ఐలా గారు పేపరు మడిచారు.

"పేరేంటి నాయనా?"

"బ్రెంట్ అండి."

"ఎందుకు లేచావు?"

"చలేసింది."

"చలి అందరికీ వేసింది. వీళ్ళెందుకు లేవలేదు?"

బ్రెంట్ మా వంక ఒకసారి కలయజూశాడు. "వెధవలు కాబట్టి."

"ఛ, తప్పు. తెలివైనవాళ్ళు కాబట్టి. ఎవడో ఒకడు లేచి వేస్తాడులే, వెచ్చదనం ఎలాగూ మనకీ వస్తుందని కూర్చున్నారు. మోసింది నువ్వొక్కడివి, వెచ్చబడింది అందరూ. ఇంత తెలివైన జనం చేత రోడ్లు ఎలా వేయించాలి, బళ్ళు ఎలా కట్టించాలి? అదే మన కోర్సు. రాసుకోండి, పరీక్షలో వస్తుంది."

"ఇది చదివితే మాకేం వస్తుంది మేడమ్?" అని మఫ్లరు లోపలినుంచి నా పక్కవాడు గొణిగాడు.

"నిద్ర తగ్గుతుంది. ఇన్నాళ్ళూ ఏది కొన్నా ధర చూసి ఊరుకున్నావు. ఇక నుంచి దాని వెనక మనిషి కనపడతాడు. కనపడ్డాక పడుకోలేవు."

మేమంతా నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ పాఠాలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ గానుగెద్దులా తిరిగేవి. దుకాణదారు మీద పన్ను వేస్తే దుకాణదారే కడతాడు కదా అని ఎవడైనా అన్నాడో, అయిపోయాడన్నమాటే. "కట్టేవాడు వేరు, మోసేవాడు వేరు. సుంకం బండివాడు కడతాడు, బరువు గుర్రం మోస్తుంది. నాకు గుర్రాన్ని చూపించు!" అని వెంటపడేవారు. మా క్లాసుల్లో పిల్లలు గుర్రాన్ని వెతికే తీరు చూసి, పశువైద్యం చెబుతున్నారేమో అనుకున్నాడు ఒక అతిథి.

ఊళ్ళో ఐలా గారు రోజూ అట్లు తినే హోటలొకటుంది. ఫిన్లాండు వాళ్ళ అట్లు, పళ్ళెం దాటి బయటికి వేలాడుతుంటాయి. ఆ హోటల్లో వడ్డించే బెవ్‌కి ఊళ్ళో అందరూ బంగారాలే. ఒకరోజు గోడమీద 'రెండో కప్పు కాఫీ ఉచితం' అని బోర్డు వెలిసింది. ఐలా గారి కళ్ళజోడు జారింది.

"బెవ్, మోసేదెవరు?"

"ఇంకెవరు బంగారం, నా మోకాళ్ళు. వంటగది దగ్గర్నించి ఇక్కడికి కూజా పట్టుకుని తిరిగేది నేను కాక ఒట్టావా నించి మంత్రులొస్తారా?"

అంతే. మర్నాటి నుంచి ఐలా గారు తన రెండో కప్పు తానే పోసుకోవడం మొదలెట్టారు. కూజా చేతిలో ఉంది కదా అని పక్క బల్లకీ పోశారు, ఆ పక్క బల్లకీ పోశారు. వారం తిరిగేసరికి హోటలంతా ఆవిడే పోస్తున్నారు. ఊరికి కొత్తవాడొకడు కాఫీ చల్లారిందని ఆవిడ మీద విసుక్కున్నాడు కూడా. "ఆవిడ ప్రొఫెసరండీ," అని బెవ్ చెప్పబోతే, "అందుకే చల్లారింది," అన్నాడట.

నా పెళ్ళి కుదిరినప్పుడు జొయాన్‌ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. దారిలోనే హెచ్చరించాను.

"మేడమ్, మాకు పెళ్ళి."

"చాలా సంతోషం నాయనా." కళ్ళజోడు జారింది. "మరి మోసేదెవరు?"

నేను నోరు తెరిచేలోగా జొయాన్ అంది, "నేనేనండీ. అప్పుడే మొదలెట్టాను. ఈయన ఉన్నికోటు చూడండి, బొత్తాలన్నీ నేను కుట్టినవే."

ఐలా గారు ఆ పూట జొయాన్‌ని వదల్లేదు. కాఫీ, యాలకుల రొట్టె, మళ్ళీ కాఫీ. నాకు మాత్రం, "నువ్వెళ్ళి మెట్ల మీద మంచు తియ్యి," అని పార చేతికిచ్చారు.

ఇంతకీ అసలు కథ ప్రెస్కాట్ గారు రావడంతో మొదలైంది. ఆయన మా కొత్త డీను, టొరంటో నుంచి వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. పాలిష్ బూట్లు, చక్కటి మాట. అయితే ఆయనకీ ఒక ఊతపదం ఉండేది: 'ఎవరికీ ఏ నష్టమూ లేకుండా.' ఏ ప్రతిపాదన తెచ్చినా దానికి ఆ తోక తగిలించేవారు. ఈయన తోకా, ఆవిడ ప్రశ్నా ఒకే గదిలో ఉంటే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. అందుకే ఆ యేడు మీటింగులకి హాజరు బాగా పెరిగింది.

మా ఊళ్ళో ఏప్రిల్‌ని నమ్మడానికి లేదు. వసంతం వచ్చిందని కోటు లోపల పెట్టిన మర్నాడే మంచు తుఫాను కొడుతుంది. అదివరకు తుఫానొస్తే పరీక్ష వాయిదా వేసేవాళ్ళం. ప్రెస్కాట్ గారికి అది నచ్చలేదు.

"ఇకమీదట తుఫాను వచ్చినా పరీక్ష ఆగదు. ఊళ్ళోవాళ్ళు ఎలాగూ వస్తారు. రాలేనివాళ్ళు ఆగస్టులో రాసుకుంటారు. ఎవరికీ ఏ నష్టమూ లేకుండా పని జరుగుతుంది," అన్నారు.

అందరం ఐలా గారి ముక్కు వంక చూశాం. కళ్ళజోడు నింపాదిగా కిందికి దిగింది.

"మోసేదెవరు?"

"ఎవరూ మొయ్యరు, ప్రొఫెసర్ కోర్పెలా."

"ఎవరూ మొయ్యని బరువు కోసం నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్నానండి. మీకు దొరికితే కాస్త నాకూ చూపించండి, చచ్చేలోగా చూసి పోతాను."

గదంతా ఘొల్లుమంది. ప్రెస్కాట్ గారు కూడా నవ్వారు. నవ్వాక ఓట్లు అడిగారు. ఐలా గారి చెయ్యి తప్ప అన్ని చేతులూ డీను గారి వైపే లేచాయి. ఆవిడేమీ కోప్పడలేదు. "ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ చేతులెత్తారు. దూరాన్నించి రోడ్డు మీద రావలసినవాళ్ళు ఈ గదిలో లేరు. ఓట్ల పాఠంలో పిల్లలకి చెప్పుకోవడానికి బాగుంటుంది," అని బిస్కెట్టు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ యేడు క్లాసులో సెలెస్ట్ నబిగాన్ అనే అమ్మాయి ఉండేది. అది ఆఖరి సంవత్సరం. నిపిగాన్ ఊరికి అవతల వాళ్ళ ఒజిబ్వే ఆదివాసుల పల్లె నుంచి పాత ట్రక్కు వేసుకుని, గంటకి పైగా సరస్సు పక్క రోడ్డు మీద వచ్చేది. ఒకసారి పెట్రోలు పన్ను పాఠంలో ఐలా గారు యథాప్రకారం, "మోసేదెవరు?" అని అడిగితే, సెలెస్ట్ చెయ్యెత్తి, "నేనే మేడమ్. రోజూ మోస్తూనే ఉన్నాను. గుర్రం కావాలంటే బయట పార్కింగులో నిలబడుంది, సైలెన్సరు ఊడింది," అంది. ఐలా గారు ఆనందం పట్టలేక, "ఈ ముక్క చెప్పడానికి పుస్తకం వాడికి మూడు పేజీలు పట్టింది!" అని బల్ల చరిచారు. ఆ అమ్మాయికి వాళ్ళ పల్లె ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆ కేంద్రం లెక్కలు చూసేవాళ్ళు లేక ఏడాదిగా అవస్థ పడుతున్నారు. జూన్‌లో చేరాలి. చేరాలంటే డిగ్రీ చేతిలో ఉండాలి.

ఐలా గారికీ ఆ యేడు ఒక మంచి జరగబోతోంది. ఉత్తమ బోధనకిచ్చే పతకం స్నాతకోత్సవంలో ఆవిడకే ఇవ్వాలని కమిటీ నిర్ణయించింది. ఆవిడ పైకి ఏమీ అనలేదు గాని, బీరువాలోంచి ఊదారంగు గౌను తీసి ఎండలో ఆరేసుకోవడం నేను చూశాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. వెంట తుఫానునీ తీసుకొచ్చింది. కిటికీలోంచి చూస్తే లోకానికెవరో తెల్ల దుప్పటి కప్పేసి దులుపుతున్నట్టుంది. నేను హాలు తెరుస్తుండగా ఆఫీసులో ఫోను మోగింది.

"వేన్ పెల్టియర్ గారా? నేనండీ, సెలెస్ట్‌ని. నిపిగాన్ పెట్రోలు బంకులో ఉన్నాను. పోలీసులు రోడ్డు మూసేశారండీ. నేనొక్కదాన్నే కాదు, మనవాళ్ళు ఇంకా ఉన్నారిక్కడ. ఏం చెయ్యమంటారు?"

ఏం చెయ్యమంటాను? కొత్త నియమం చెప్పాను. ఆగస్టు అన్నాను.

"సరేనండి," అంది. "ఆగస్టు దాకా వాళ్ళు ఆ ఉద్యోగం ఆపరండి. పర్లేదులెండి. మేడమ్‌కి చెప్పండి, గుర్రం మొరాయించిందని."

హాల్లోకి వెళితే, వచ్చినవాళ్ళు వచ్చి కూర్చున్నారు. కలాలు బయటికి తీశారు. లేనిది ఐలా గారే. ప్రశ్నపత్రాలు ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వరు. గోనెగుడ్డ సంచీలో పెట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు తానే తెస్తారు. ఆవిడ రాలేదంటే పరీక్ష లేనట్టే.

ఐలా గారు రాకపోవడమన్నది చరిత్రలో లేదు. ఒకసారి మంచు తీసే బండ్లే మంచులో కూరుకుపోయినరోజు, ఆవిడ కాళ్ళకి మంచు మీద జారే స్కీలు కట్టుకుని క్లాసుకొచ్చారు. నేనొక్కణ్ణే ఉన్నాను. నా ఒక్కడికే పాఠమంతా చెప్పి, చివర్లో, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని ఖాళీ బెంచీలన్నీ కలయజూశారు. పైగా ఆవిడ ఇల్లెక్కడో అడవిలో లేదు. విశ్వవిద్యాలయం ఎదురుగా, రోడ్డు దాటితే చాలు.

ప్రెస్కాట్ గారు రొప్పుతూ వచ్చారు. "ఎక్కడావిడ? అధ్యాపకుల వల్ల పరీక్ష ఆగితే మొత్తం క్లాసుకి వాయిదా వెయ్యాలి. ఏ విద్యార్థికీ నష్టం రాకూడదు. ఆ నియమం రాసింది నేనే! ఆవిడ మీద చర్య తీసుకోవలసి వస్తుంది!" అంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి ఆగిపోయారు. "ఆ పొగేంటి?"

ఎదురుగా ఐలా గారి ఇంటి వెనక చిన్న చెక్క గది. దాని గొట్టంలోంచి పొగ సంబరంగా పైకి లేస్తోంది.

"ఆవిరిగదండీ," అన్నాను. "స్నానం చేస్తున్నట్టున్నారు."

"పరీక్ష రోజునా! వెళ్ళండి, పిలుచుకు రండి!"

రోడ్డు దాటేసరికి నడుం లోతు మంచులో ఈది వెళ్ళినట్టయింది. ఐలా గారు ఆవిరిగది ముందరి అరుగు మీద, ఒళ్ళంతా దళసరి తువ్వాలు గౌను కప్పుకుని, పొగలు కక్కుతూ కూర్చున్నారు. మొహం వండిన బీటు దుంపలా ఉంది.

"మేడమ్! పరీక్ష!"

"రాలేను నాయనా. చూశావా, మంచెలా పడుతోందో!"

"రోడ్డు దాటితే యూనివర్సిటీ!"

"ముసలిదాన్ని. జారి పడ్డాననుకో, మోసేదెవరు?"

ఆవిడ ఆవిరి పట్టిన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిపిగాన్ రోడ్డు మూసేశారని రేడియోలో పొద్దున్నే చెప్పాడు," అన్నారు మెల్లిగా. "నేనొస్తే పరీక్ష జరుగుతుంది. ఆ రోడ్డు మీద ఇరుక్కున్న పిల్లలు మోస్తారు. రాకపోతే తప్పు నాది. అందరికీ వాయిదా. ఇందులో అర్థశాస్త్రం పెద్దగా ఏమీ లేదు వేన్."

"మరి వచ్చినవాళ్ళో? ఇంత మంచులో పడి వచ్చారు."

"ఇంకో నాలుగు రోజులు చదువుకుంటారు. ఆ బరువు వాళ్ళమీద పడవలసిందే. నువ్వు వాళ్ళ పేపర్లు దిద్దావుగా!"

"మీ పతకం?" అన్నాను గొంతు తగ్గించి. "చర్య తీసుకుంటే ఇవ్వరు."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఇత్తడిది. మెడలో వేస్తారు. నాకసలే మెడనొప్పి," అన్నారు.

"డీను గారికి ఏం చెప్పమంటారు?"

"ఉన్నదే చెప్పు. రావడానికి మనసు రాలేదని."

చెప్పే అవసరం పడలేదు. ప్రెస్కాట్ గారే వచ్చేశారు, పాలిష్ బూట్లతో. అంటే బూటుతో. రెండోది రోడ్డు మధ్య మంచులో ఎక్కడో ఉండిపోయింది. ఆయన నోరు తెరిచారు గాని, పళ్ళు టకటకలాడుతూ మాటని బయటికి రానివ్వడం లేదు.

"అయ్యో, కాలు నీలంగా అయిపోయింది! లోపలికి నడవండి," అన్నారు ఐలా గారు. "తిట్లకేముంది, వెచ్చగా కూర్చుని కూడా తిట్టచ్చు."

ఆయన్ని లోపల బల్ల మీద కూర్చోబెట్టి, కోటు విప్పించి, కాళ్ళ దగ్గర వేడినీళ్ళ బకెట్టు పెట్టించారు. ఆవిడ బయటి గదిలో కూర్చున్నారు. ఆవిరి లేచేలా, పొయ్యి మీద కాగుతున్న రాళ్ళ మీద నీళ్ళు పోసే పని నాది. ప్రెస్కాట్ గారు మొదట గట్టిగా తిట్టారు. బాధ్యత అన్నారు, క్రమశిక్షణ అన్నారు. నేను నీళ్ళు పోశాను. రాళ్ళు సుయ్యిమన్నాయి. గొంతు కాస్త తగ్గింది. నేను సెలెస్ట్ ఫోను సంగతి చెప్పాను. మళ్ళీ నీళ్ళు పోశాను. చాలాసేపటికి, "ఆ అమ్మాయి ఇంకా బంకులోనే ఉందా?" అని అడిగారు.

"ఉందండి."

"ఆఫీసు వాళ్ళతో ఫోను చేయించండి. పరీక్ష వచ్చే వారం అని." ఆగి, గోడ అవతలికి వినపడేలా, "మీ మీద చర్య మాత్రం తప్పదు ప్రొఫెసర్!" అన్నారు.

"తప్పకుండా తీసుకోండి," అని అవతలినుంచి ఉత్సాహంగా వచ్చింది జవాబు.

"పెల్టియర్ గారూ," అన్నారు ప్రెస్కాట్ గారు తల వెనక్కి వాల్చి. "ఇంకొంచెం నీళ్ళు పొయ్యండి."

చర్య తీసుకున్నారు. మందలింపు కాగితం వచ్చింది. పతకం భూగర్భశాస్త్రం మేష్టరు మెడలో పడింది. ఆయన పేరు పిలిచినప్పుడు హాలంతటిలోకీ గట్టిగా చప్పట్లు కొట్టింది ఊదారంగు గౌనులో కూర్చున్న ఐలా గారే. ఆ శరత్కాలం మొదటి మీటింగులో ప్రెస్కాట్ గారు తుఫాను నియమాన్ని తానే వెనక్కి తీసుకున్నారు. ఈసారి తోక తగిలించలేదు.

ఏ పిల్లలకీ మేము సంగతి చెప్పలేదు. ప్రొఫెసరు గారికి ఆ పూట ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పాం. సెలెస్ట్ పరీక్ష రాసింది, గట్టెక్కింది, స్నాతకోత్సవంలో డిగ్రీ అందుకుంది. హాలు బయట పచ్చికలో వాళ్ళ అమ్మమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ చేతిలో కాగితంలో చుట్టిన పెద్ద పొట్లం ఉంది. సరస్సులో పట్టి, పొగలో ఎండబెట్టిన చేపలు.

"మేడమ్, ఆ రోజు మీకు బాగా జ్వరమటగా?" అంది సెలెస్ట్.

"అవును తల్లీ. మహా జ్వరం. ఒళ్ళంతా సెగలు, పొగలు," అన్నారు ఐలా గారు తడుముకోకుండా.

నాకు దగ్గొచ్చింది. పక్కనే ఉన్న డీను గారికి ఆకాశంలో ఏదో చూడవలసిన అవసరం వచ్చింది.

అమ్మమ్మ నా దగ్గు విన్నది, డీను గారి ఆకాశం చూసింది, చివరికి ఐలా గారి మొహంలోకి నిదానంగా చూసింది.

"జ్వరానికి చేప మంచిదమ్మా," అంటూ పొట్లం ఐలా గారి చేతుల్లో పెట్టేసింది. "నువ్వు తిను. నీకీ జ్వరం మళ్ళీ మంచు పడేదాకా రాదులే."

ఐలా గారు గౌను చేతులు పైకి లాక్కుని, అక్కడే పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. డీను గారికొకటి, నాకొకటి పెట్టారు. సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయం ఫోటోగ్రాఫరు వచ్చి, "అందరూ నవ్వండి!" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా విభాగం గోడ మీద ఉంది. అందులో మా ముగ్గురి బుగ్గలూ ఉబ్బి ఉంటాయి. నవ్వుతున్నది అమ్మమ్మొక్కతే.